రెండొందల యాభై

టాక్సీ ఎక్కామని చెప్పి నొరిహిసా ఫోన్ పెట్టేసేసరికి గోడ గడియారంలో పది. ఆస్పత్రి నుంచి కొండ కింద రైలు గేటు దాకా పాతిక నిమిషాలు, గేటు పడి ఉంటే ఇంకో అయిదు, అక్కణ్ణించి ఇంటికి ఎనభైనాలుగు మెట్లు. ఆ మెట్లకి ఎంతసేపు వేసుకోవాలో యుకారికి తెలియలేదు. తుంటి ఎముక విరిగి రెండున్నర నెలలు ఆస్పత్రిలో ఉన్న డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి చేతికర్రతో ఎక్కడమంటే పావుగంటా, అరగంటా? "కుర్చీలో కూచోబెట్టి మోయిస్తానంటే, ఊరేగించడానికి నేనేమన్నా దేవుడి పల్లకీనా అంటోంది అమ్మ," అని నవ్వాడు మొగుడు. ఆయన నవ్వగలడు, ఆయనకేం తెలుసు. అత్తగారు ఫుసాయో ఇంట్లోకి వస్తూనే ముందు ఏం చేస్తుందో యుకారికి తెలుసు. మామగారి ఫొటోకి దణ్ణం పెట్టుకోవడం కూడా తర్వాతే. తిన్నగా వసారా చివరికి వెళ్ళి, మట్టి తొట్టి అంచు మీద గోటితో టక్ టక్‌మని రెండుసార్లు కొడుతుంది. ఆ చప్పుడుకి పైకి రావలసిన ఇరవైమూడు చేపలూ ఇప్పుడు లేవు. తొమ్మిది రోజుల కిందట, ఆదివారం మధ్యాహ్నం, యుకారి చేతుల్లోనే చచ్చిపోయాయి. తొట్టిలో ఇప్పుడు ఈదుతున్నవి కొట్లో కొనుక్కొచ్చిన పది.

గ్యాసు పొయ్యి తుడిచింది. తుడిచిన పొయ్యే మళ్ళీ తుడిచింది. కేలెండర్లో జూన్ కాగితం చింపి బియ్యం డబ్బా వెనక దాచిపెట్టింది, దాని వెనక్కి తిప్పి చూసుకుంది. పెన్సిలుతో అంకెలు. ఇరవై అయిదు, ఇరవై నాలుగు, ఇరవై ఏడు, మళ్ళీ ఇరవై అయిదు, నిన్నటికి మొత్తం రెండొందల ఇరవై తొమ్మిది. ఇవాళ పొద్దున్న తొట్టి నీళ్ళు ఇరవై ఆరు డిగ్రీలు. కలిపితే రెండొందల యాభై అయిదు. రెండొందల యాభై దాటితే గుడ్డు పగులుతుంది. రోజుకి నీళ్ళ వేడి ఎంతో రాసుకుని కలుపుకుంటూ పోవాలి, అంతే, అంతకన్నా ఏ శాస్త్రమూ అక్కర్లేదు, అని అత్తగారు చెప్పినప్పుడు యుకారి ఉల్లికాడలు తరుగుతోంది, సగమే విన్నది. వేడిని రోజులతో కలపడమేమిటి, ఎండని పోగేసుకోవడం ఏమిటి అని నవ్వుకుంది కూడా. ఇప్పుడు అదే కూడిక, రోజూ బడిపిల్లలకి అన్నం వండే వంటశాలలో గరిటె తిప్పుతూ నోట్లో వేసుకుని తిరుగుతోంది. నాలుగొందల మందికి ముల్లంగి పులుసులో ఉప్పు ఎంతో మర్చిపోయింది గానీ ఈ అంకె మర్చిపోలేదు. ఇవాళ. ఇవాళే పగలాలి. వాళ్ళు మెట్లెక్కేలోపల ఒక్కటైనా పగిలితే, అత్తగారికి ముందు సూదిపిల్లని చూపించి, ఆ తర్వాత తక్కినది చెప్పవచ్చు. పుట్టుకను చూపించి చావు చెప్పడం వేరు, ఉత్త చావు చెప్పడం వేరు. కన్ను తప్ప వొళ్ళంతా గాజులా ఉండే ఆ పిల్లల్ని సూదిపిల్లలనే అంటారు ఇక్కడ. నీళ్ళలో వాటిని చూడాలంటే కళ్ళు చికిలించాలి. ఏడు గుడ్లు. ఏడింట్లో ఒక్కటి చాలు.

అసలు ఆ గుడ్లయినా తన తెలివితో మిగిలినవి కావు. రెండు ఇళ్ళ కింద ఉండే కమేయామా గారు శనివారం పొద్దున వచ్చి, మా గుమ్మంలో గాజు కూజా బోసిగా ఉంది తల్లీ అని, తొట్టిలో తేలే గుర్రపుడెక్క మొక్క ఒకటి పట్టుకుపోయింది. ఆదివారం చేపలు చచ్చాయి. సోమవారం సాయంత్రం యుకారి ఏడుపు మొహంతో ఆమె గుమ్మంలో నిలబడితే, కూజాలో మొక్క వేళ్ళకి సగ్గుబియ్యం గింజల్లా ఏవో కనిపించాయి. "ఇవా? పొద్దుటి నుంచి చూస్తున్నా, వేళ్ళకి చీము పట్టిందనుకున్నా, పారేద్దామనుకున్నా," అంది కమేయామా గారు. కూజాలో పోసింది కుళాయి నీళ్ళే. తొట్టిలో ఇరవైమూడింటిని చంపిన కుళాయి నీళ్ళే ఇక్కడ గుడ్లకి బూజు పట్టకుండా కాపలా కాశాయి. నీళ్ళు రెండు రకాలు, యుకారి గారూ, అని ఆస్పత్రికి వెళ్ళే ముందు స్ట్రెచర్ మీద పడుకుని కూడా చెప్పింది అత్తగారు, గుడ్లకి కుళాయి నీళ్ళు, పెద్దవాటికి ఓపిక పట్టిన నీళ్ళు. ఓపిక పట్టిన నీళ్ళంటే బకెట్లో పట్టి మూడు రోజులు ఎండలో ఉంచినవి, క్లోరిన్ మందు వాసన పోయినవి. అంతకుముందెప్పుడో ఒక కరపత్రం వెనక కుంచె కలంతో రాసి ఫ్రిజ్‌కి అంటించింది కూడా. ఇప్పటికీ అక్కడే ఉంది. పాలు తీసిన ప్రతిసారీ కనిపిస్తుంది. కనిపించేది, ఆ ఆదివారం కూడా కనిపించే ఉండాలి.

ఆ ఆదివారం. వద్దనుకున్నా మనసు అక్కడికే పోతుంది, పుచ్చుపన్ను మీదికి నాలుక పోయినట్టు. ఆ రోజు అమ్మ పోయి ఏడాది. తొత్తోరిలో అన్నయ్య ఇంట్లో పూజ, అందరూ నల్లబట్టలు వేసుకుని కూచుని ఉంటారు, బౌద్ధగురువు వచ్చి ఉంటాడు, వదిన చేసిన పులుపన్నం అమ్మ చేసినట్టు ఉండదు. యుకారి వెళ్ళలేదు. శనివారం సాయంత్రం ఆస్పత్రివాళ్ళు ఇంటివాళ్ళతో మాట్లాడాలన్నారు, అత్తగారు ఇంటికొచ్చాక స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ ఎక్కడ పెట్టించాలి, మంచం ఎంత ఎత్తుండాలి అని. నొరిహిసాకి ఓడల కార్ఖానాలో సెలవు లేదు. శనివారమే బయల్దేరితే తప్ప తొత్తోరి పూజకి అందలేదు, అయినా సరేనని ఉండిపోయింది. ఎవరూ ఉండమనలేదు, ఎవరూ వెళ్ళమనలేదు. ఆదివారం పన్నెండింటికి, సరిగ్గా అక్కడ అగరొత్తులు వెలిగించే వేళకి, ఫోన్ మోగింది. అన్నయ్య అనుకుని తడిచేత్తో తీసింది. "యుకారి గారూ, ఎండ కాస్తోంది కదా, నీళ్ళు తగ్గి ఉంటాయి, చూశారా? మీకు పనులుంటాయి, నాకు తెలుసు. కానీ నోరులేని బిడ్డలు కదా, అవి అడగలేవు." ఎంత మెత్తగా అంది. మెత్తగా అనకపోతే అంత మండేది కాదు. అమ్మ మాట ఒక్కటి, ఇవాళ కదూ, అన్న రెండు ముక్కలు అంటే ఏం పోయేది. చూస్తానండీ అని ఫోన్ పెట్టేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పెరట్లోకి వెళ్ళి, మొక్కలకి పోసే గొట్టం లాగి తొట్టిలో పడేసి కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు పొంగి పొర్లిపోతుంటే నిలబడి చూసింది. ఎంతసేపు చూసిందో. సాయంత్రం నాలుగింటికి వెళ్ళి చూస్తే అన్నీ పక్కకి తిరిగి తేలుతున్నాయి, వేలిగోరంత చేపలు, నల్లటివి, పొట్టలు తెల్లగా.

మర్చిపోయిందా? ఓపిక పట్టిన నీళ్ళ బకెట్లు మూడు గొట్టం పక్కనే ఉన్నాయి. వాటిని కాలితో పక్కకి జరిపి మరీ గొట్టం అందుకుంది. కాలితో జరిపినట్టు గుర్తుంది, జరుపుతూ ఏమనుకుందో గుర్తు లేదు. మర్చిపోయానంటే మర్చిపోయినట్టే ఉంటుంది, కాదు తెలిసే చేశానంటే అదీ నిజమే అనిపిస్తుంది. తొమ్మిది రోజులుగా ఆ బకెట్లు జరిపిన కాలిని చూసుకుంటోంది.

రైలు వెళ్ళింది కింద, సరుకుల బండి, కిటికీ అద్దాలు కాసేపు గలగలలాడాయి. పదీ పదిహేను. స్నానాలగది ముందున్న చిన్న గదిలోకి వెళ్ళింది, బట్టల మిషను పైన సబ్బుపొడి అల్మారా, అందులో సబ్బుపొడి వెనక, ఊరేసిన రేగుపళ్ళ ఖాళీ సీసా. ఇరవై రెండేళ్ళ కాపురంలో నొరిహిసా ఆ అల్మారా తలుపు తెరిచిన పాపాన పోలేదు, ఇంటి మొత్తంలో అంతకన్నా మంచి రహస్యపు చోటు లేదు. అక్కడే నిలబడి, అత్తగారు పేపరు చదివే ఎర్రపిడి భూతద్దం పట్టి, బల్బు వెలుగులో చూసింది. ఏడూ ఉన్నాయి. మొదట పన్నెండు. మొక్క వేళ్ళ నుంచి పీకి, చేతివేళ్ళ మధ్య దొర్లించి, పట్టుకున్న పీచు తీయాలి, బతికిన గుడ్డు నలిపినా నలగదు, చచ్చినది వేలు తగలగానే చితుకుతుంది. చేస్తుంటే మూడు చితికాయి, ప్రతి చితుకుడికీ తన లోపల ఏదో చితికినట్టు. తర్వాత రెండు తెల్లబడ్డాయి. ఏడింట్లోనూ నల్లటి కళ్ళు, చుట్టూ వెండి గీత, గుండ్రంగా చుట్టుకుపోయిన వొళ్ళు, మధ్యలో ఎర్రగా కొట్టుకునేది గుండే అయి ఉండాలి. ఒకటి గిర్రున తిరిగింది. తిరిగి యుకారి వైపు చూసింది, చూసినట్టే అనిపించింది. రా తల్లీ, బయటికి రా, టాక్సీ వచ్చేస్తుంది.

మామగారు పట్టుకొచ్చిన చేపలు ఇవి. యుకారి కాపురానికి రాకముందే, కొండల వెనక తను పుట్టిన ఊళ్ళో వరిచేల పక్క కాలవకి సిమెంటు వేయబోతున్నారని తెలిసి, ముందురోజు వెళ్ళి, టీ వడబోసే జల్లెడతో పద్నాలుగింటిని పట్టి రైల్లో ఒళ్ళో బకెట్ పెట్టుకుని తెచ్చాడట. సిమెంటు వేశాక ఆ కాలవలో చేప లేదు, తర్వాత చేనూ లేదు, ఆయనా లేడు. చేపలు మాత్రం తొట్టిలో పిల్లల్ని పెడుతూ వచ్చాయి. చూడ్డానికి ఏమీ ఉండవు, బురదరంగు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఎర్రవీ, వీపు మెరిసేవీ పెంచి ఒకరికొకరు ఇచ్చుకుంటుంటే, "మాకొద్దు. కలిస్తే ఇక విడదీయలేం," అనేది అత్తగారు. ఎవరైనా గుర్రపుడెక్క ఇచ్చినా వారం రోజులు విడిగా ఉంచి, వేళ్ళు కడిగి, అప్పుడే తొట్టిలో వేసేది. అలాంటి తొట్టిలో. "నల్లచేప నల్లచేపే తల్లీ," అంది కమేయామా గారు, "పెద్ద కొట్లో పది కొని వేసేయ్. మీ అత్తగారికి కళ్ళజోడు నెత్తి మీదుంటే ఇల్లంతా వెతుక్కుంటుంది, చేప మొహం గుర్తుపడుతుందా? సంగతి నీకూ నాకూ, ఆ తొట్టికీ తప్ప తెలియదు." కొంది. వేసింది. మర్నాడు పొద్దునే తెలిసిపోయింది ఆ పథకం పనికిరాదని. కాలవ చేపలు నీడ పడితే చాలు అడుక్కి పారిపోయేవి, అత్తగారి గోటి చప్పుడుకి తప్ప పైకి వచ్చేవి కావు, తననైతే ఇరవై రెండేళ్ళూ చూసి పారిపోతూనే ఉండేవి. ఈ కొట్టు చేపలు ఎవరి నీడ పడినా నోళ్ళు తెరుచుకుని ఎగబడతాయి. పిలవకుండానే పెళ్ళికొచ్చిన వాళ్ళలా. మొదటిసారి అవి అలా తన దగ్గరికి పరిగెత్తుకొస్తే, సిగ్గు లేకుండా, ఒక్క క్షణం బాగానే అనిపించింది యుకారికి.

ఆ ఇంట్లో తనని చూసి ఎవరు పరిగెత్తుకొచ్చారు గనక. యుకారి గారూ అంటుంది అత్తగారు. మొదటిరోజు నుంచీ గారే. కొడుకుని ఒరే నొరీ అంటుంది, పోస్టు తెచ్చేవాణ్ణి ఏమయ్యా అంటుంది, చేపల్ని బిడ్డల్లారా అంటుంది, మెట్ల మీద పడుకునే ఒంటికన్ను పిల్లిని కూడా ఏమే దొంగముండా అని ముద్దు చేస్తుంది. కోడలికి మాత్రం గారు. శ్రమ ఇచ్చాను, క్షమించండి, మీరు ముందు స్నానం చేయండి. వంటశాలలో తోటివాళ్ళు, మీ అత్తగారు ఎంత మర్యాదస్తురాలే, మా ముసల్ది ఏయ్ అని పిలుస్తుంది అంటే, యుకారి నవ్వి ఊరుకునేది. ఆ ఏయ్ కోసం ఎన్నాళ్ళు ఎదురుచూసిందో వాళ్ళకి చెబితే పిచ్చిదంటారు. గారు అనేది వాకిట్లో వేసిన కుర్చీ. కూచోబెడతారు, లోపలికి రమ్మనరు.

సీసా రెండు చేతులతో పట్టుకుని వంటింట్లోకి తెచ్చింది, కిటికీ దగ్గర ఎండలో పెడదామని. అప్పుడు తెలిసింది. అరచేతులకి గాజు చల్లగా తగులుతోంది. వసారా నుంచి వచ్చే గాలి వెచ్చగా మొహానికి కొడుతోంది, సీసా మాత్రం చల్లగా, ఉత్తరపు గోడ పక్కన, ఎండ ముఖమెరగని గదిలో, ఎనిమిది రోజులు, అంతకుముందు రెండు రోజులు కమేయామా గారి గుమ్మం నీడలో. అంకెలు రాసింది వసారా తొట్టివి. రోజూ పొద్దునే థర్మామీటరు తొట్టిలో ముంచి, చూసి, రాసి, కూడింది. గుడ్లున్నది ఇక్కడ. ఈ గుడ్లు ఆ ఎండని చూడనే లేదు. థర్మామీటరు తెచ్చి సీసాలో పెట్టింది, నిలబడే ఉంది, ఎర్రగీత నెమ్మదిగా జారి ఇరవై రెండు దగ్గర ఆగింది. పది ఇరవై రెళ్ళు రెండొందల ఇరవై. ఇంకా ముప్ఫై కావాలి. ఇవాళ కాదు. రేపు కూడా కాదు. పరాయి ఎండని వీటి లెక్కలో వేసింది. తనమీద తనకి నవ్వొచ్చింది. బడిలో అయిదో తరగతి పిల్లలకి కూడా తెలుసు, థర్మామీటరు గుడ్డు దగ్గరే పెట్టాలని.

కింద రైలు గేటు గంట కొట్టడం మొదలుపెట్టింది. గణగణగణమని, ఆగకుండా. పదీ ముప్ఫై రెండు. గేటు అవతల టాక్సీ ఆగి ఉంటుంది, అత్తగారు కిటికీలోంచి కొండ వైపు చూస్తూ ఉంటుంది, తన ఇంటి కప్పు వెతుక్కుంటూ. ఇంక చూపించడానికి ఏముంది? చప్పుడు చేయని ఏడు గింజలు. పోనీ, ఏమీ చెప్పకుండా ఊరుకుంటే? ముసలిది అలసిపోయి వస్తుంది, కొట్టు చేపలు ఎగబడతాయి, మీరు లేనప్పుడు నేనే తిండి పెట్టాను కదండీ, అందుకే అలవాటు పడ్డాయి అంటే సరిపోతుంది. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట, ముందే ఎవరో నాలుక మీద పెట్టినట్టు. ఎల్లుండి సూదిపిల్లలు పుడతాయి, నెల్లాళ్ళకి ఎదుగుతాయి, ఓ రాత్రి సీసాలోంచి తొట్టిలో వంపేస్తే సరి. ఎవరికీ తెలియదు. కలిసిపోతాయి. కలిస్తే ఇక విడదీయలేం. మామగారు ఒళ్ళో పెట్టుకొచ్చిన బకెట్ అప్పుడు నిజంగా ఖాళీ అవుతుంది, ఖాళీ అయినట్టు ఎవరికీ తెలియకుండా. గొట్టం పెట్టినప్పుడు మర్చిపోయానో లేదో తెలియదు. ఇదైతే తెలుసు. ఇది చేస్తే తెలిసి చేసినట్టే.

గంట ఆగింది. గేటు లేచింది.

సీసా కిటికీలో పెట్టి, వల పట్టుకుని వసారాలోకి పరిగెత్తింది. చిన్న బకెట్లో ఓపిక పట్టిన నీళ్ళు పోసింది. నీడ పడగానే పదీ పైకొచ్చాయి, అమాయకంగా, నోళ్ళు తెరిచి. ఒక్క ఊపులో నాలుగు. ఇంకో ఊపులో రెండు. తర్వాత వాటికి కూడా సంగతి అర్థమైంది, గుర్రపుడెక్క వేళ్ళలో దూరాయి. మొక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి దులిపింది, మోచేతుల దాకా తడి, జాకెట్టంతా నాచు. ఏడు. ఎనిమిది. మెట్ల మీద ఎక్కడో దూరంగా కర్ర చప్పుడు, టక్, ఆగడం, టక్. కింద కమేయామా గారి గొంతు: "అయ్యయ్యో, రాణీగారు నడిచే వచ్చేస్తున్నారు! ఆస్పత్రి తిండి బాగానే ఒంటికి పట్టిందే!" దానికి అత్తగారి గొంతు, ఎగశ్వాసతో: "నీ నోరు మాత్రం చిక్కలేదు కమేయామా!" తొమ్మిది. పదోది కనపడదు. టక్. తొట్టి అడుగున బురద లేచి నీళ్ళు కలకబారాయి. టక్. తలుపు జరిగిన చప్పుడు, నొరిహిసా, "వచ్చేశాం," అన్నాడు. యుకారి వల వదలలేదు. వసారా చెక్కల మీద ఆ కర్ర తిన్నగా తనవైపే రావడం వింటూ, అలాగే వంగి ఉండిపోయింది.

"తిరిగొచ్చాను, యుకారి గారూ. మీకు చాలా శ్రమ ఇచ్చాను." అత్తగారు వసారా అంచున కూచుంది. చిక్కిపోయింది, మెడ దగ్గర చొక్కా వదులైంది. కోడలి తడి చేతులు చూసింది, బకెట్ చూసింది. చెయ్యి చాచి తొట్టి అంచు మీద గోటితో రెండుసార్లు కొట్టింది. పదో చేప ఎక్కణ్ణించో పైకొచ్చి, ఆమె నీడలోకి నోరు తెరిచి నిలబడింది.

"ఈ బిడ్డెవరిది?" అంది ఫుసాయో.

"కొట్లోదండీ. మనవి పోయాయి. అన్నీ. నేనే చంపాను."

"ఏమిటీ, ఎప్పుడు? నాతో చెప్పలేదేం?" అన్నాడు నొరిహిసా సంచులు పట్టుకుని.

"నువ్వు ముందా సామాన్లు లోపల పెట్టరా," అంది తల్లి, కళ్ళు తొట్టి మీంచి తిప్పకుండానే. "జబ్బు చేసిందా?"

"లేదండీ. గొట్టం పెట్టాను. కుళాయి నీళ్ళు."

"మర్చిపోయారా?"

అవునంటే అయిపోయేది. ఆ మాట అక్కడే ఉంది, అందేంత దగ్గరలో. "తెలియదండీ," అంది యుకారి. "ఆ రోజు అమ్మ పోయి ఏడాది. మీ ఫోన్ వచ్చింది, నీళ్ళ సంగతి అడిగారు. కోపమొచ్చింది. గొట్టం పెట్టాను. మర్చిపోయానో లేదో నాకే తేలడం లేదు."

కొండ కింద, రైలు పట్టాల అవతల జలసంధిలో పడవ కూత వేసింది. అత్తగారు కర్ర పిడి మీద ఒక చెయ్యి పెట్టుకుంది, దాని మీద ఇంకో చెయ్యి. ఆ చేతుల్ని చూడటం తప్ప యుకారికి ఎటు చూడాలో తెలియలేదు. చివరికి, "అన్నీనా?" అంది.

యుకారి సీసా తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది. ఫుసాయో భూతద్దం అడగలేదు. రెండు వేళ్ళు నీళ్ళలో ముంచి ఒక గుడ్డు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించింది. కాస్త నొక్కింది. ఇంకా నొక్కింది. గుడ్డు చితకలేదు.

"లెక్క ఎంత?"

"రెండొందల యాభై అయిదు అనుకున్నాను. తొట్టి వేడి రాశాను. ఇవి ఉన్నది బట్టల మిషను గదిలో."

"ఆ గది ఇరవై రెండు దాటదు." ముసలామె గుడ్డుని మళ్ళీ నీళ్ళలోకి జారవిడిచింది. పెదాలు కదిలాయి, కూడుకుంటోంది. "ఎల్లుండి పొద్దున్న. కదపకుండా అక్కడే ఉంచాలి, ఎండలో పెట్టి తొందరపెట్టకూడదు. పుట్టాక నెల్లాళ్ళకి తొట్టిలోకి. అప్పటికి ఇందులో ఇంకొకరుండకూడదు." కర్ర ఎత్తి నీళ్ళ వైపు చూపించింది. "అదుగో, ఆ మొక్క కింద. పట్టండి. ఎడమ పక్క. అటు కాదు, ఎడమ, ఎడమ... యుకారీ! ఎడమంటే ఎడమే, ఎటు చూస్తున్నావు?"

వల నీళ్ళలోనే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ గారు ఏమైంది? తొందరలో జారిందా, కోపంలో విసిరేసిందా? తలెత్తి చూసింది. మర్చిపోయారా అని అడుగుదామనుకుంది. అత్తగారి మొహంలో ఏమీ లేదు, చేప తప్ప.

"నన్ను చూస్తావేం, దాన్ని చూడు," అంది ఫుసాయో.

యుకారి ఎడమ పక్కకి వల దించింది.